నేర్పితే రానిదేమున్నది?

అమెరికాలో వేటకూ, గాలం వేసి చేపలు పట్టడానికీ స్త్రీలు అంతగా రాకపోవడానికి వారి అనాసక్తే కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని స్టీవెన్స్ పాయింట్ విశ్వవిద్యాలయంలో 1990లో జరిగిన సదస్సు ఈ వాదనను పరిశీలించింది. అవరోధాలలో అధికభాగం శిక్షణ లేకపోవడం వల్ల ఏర్పడినవేనని తేల్చింది. తండ్రి కొడుకును వెంట తీసుకొని వెళ్ళాడు. కూతురికి నేర్పినవారు లేరు.

1991లో ఆచార్య క్రిస్టీన్ థామస్ నాయకత్వాన తొలి శిబిరం జరిగింది. 18 ఏళ్ళు నిండిన స్త్రీలకు వారాంతపు శిబిరంలో తుపాకిని భద్రంగా వాడడం, గాలం వేయడం, పడవ నడపడం, పటం చూసి దారి తెలుసుకోవడం నేర్పారు. అనంతరం ఈ శిబిరాలు అనేక రాష్ట్రాలకూ, కెనడాకూ వ్యాపించాయి.

ఇందులో ప్రభుత్వ శాఖల ప్రయోజనమూ ఉన్నది. లైసెన్సు రుసుములు అక్కడ వన్యప్రాణి సంరక్షణకు ముఖ్యమైన ఆదాయం. పైగా రుసుము చెల్లించలేని, సెలవు దొరకని శ్రామిక స్త్రీకి ఈ తలుపు సగమే తెరుచుకున్నదని మా అభిప్రాయం.

మన దేశంలో వన్యమృగాల వేటను 1972 నాటి చట్టం నిషేధించింది. ఆ నిషేధాన్ని మేము సమర్థిస్తున్నాము. మనం స్వీకరించవలసినది వేటను కాదు, ఆ అనుభవం చెప్పిన పాఠాన్ని. లోకోషెడ్డులోగాని, ఆర్.ఎం.ఎస్. సార్టింగులోగాని “ఈ పని ఆడవారికి రాదు” అని ఎవరైనా అంటే, “వారికి ఎవరు నేర్పారు? ఎన్నాళ్ళు నేర్పారు?” అని మన యూనియన్ శాఖలు నిలదీయాలి. పని వేళలలో, పూర్తి జీతంతో శిక్షణ పొందడం దయాభిక్ష కాదు, హక్కు.