యూనికోడ్ పరివర్తనము – ప్రాచ్య కళాశాలల కర్తవ్యము

కళాశాలలో కంప్యూటరు మార్చుట అన్నచో అది కార్యాలయ వ్యవహారమని తలచుట మనకు అలవాటైనది. కొత్త యంత్రము వచ్చును, పాతది మూలకు చేరును, డి.టి.పి. ఆపరేటరు వారము దినములు విసుగుకొనును, అంతటితో సరి. నేడు మన ముందున్న మార్పు అట్టిది కాదు. ఇది పాఠపరిష్కరణమునకు సంబంధించిన పని. దీనిని పండితులే పూనుకొని చేయవలెనని నా అభిప్రాయము.

విండోస్ ఎక్స్‌పీకి 2014లోను, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్టు సంస్థ తన సాధారణ సహకారమును నిలిపివేసినది. అయినను ఎక్స్‌పీ నాటి యంత్రములను ప్రాణప్రదముగా కాపాడుకొనువారు నేటికిని కలరు. పేజిమేకరు, దానితో పొసగు పాత తెలుగు ఫాంట్లు ఆ యంత్రములలో పనిచేయుచుండుటయే అందులకు కారణము. పేజిమేకరు చివరి ప్రతి, అనగా ఏడవది, 2001లో వెలువడినది. అటుపిమ్మట ఆ వంశము అంతరించినది. ఆ యంత్రము ఆగిన నాడు పాతికేండ్ల పత్రికా సంచికలు, సిద్ధాంతగ్రంథములు ఏమగునన్నది ఆలోచింపవలసిన ప్రశ్న.

వైయాకరణులు స్ఫోటమును ధ్వనిని వేరు చేసి చూపిరి. పలుకువాని గొంతును బట్టి ధ్వని మారును గాని స్ఫోటము మారదు. పాత ఫాంట్లు దాచినది ధ్వనివంటి బాహ్యరూపమును, యూనికోడ్ దాచునది వర్ణమును. ఈ పోలిక సర్వాంశములయందు సరిపడదని తార్కికులు పట్టుకొందురు గాక, విషయము బోధపడుటకు ఇంతకంటె దగ్గరి దృష్టాంతము నాకు దొరకలేదు. పాత పద్ధతిలో తలకట్టునకొక సంఖ్య, తలకట్టు లేని అక్షరదేహమునకొక సంఖ్య, ఒత్తునకు మరియొక సంఖ్య. ఆ సంఖ్యలు నిజమునకు రోమను లిపికి చెందినవి. యంత్రము దృష్టిలో మనము కూర్చినది తెలుగు కాదు, తెలుగు వేషము ధరించిన రోమను అక్షరముల రాశి. ఫాంటు తొలగినచో వేషమును తొలగును. పైగా ఒక్కొక్క సంస్థ ఫాంటునకు ఒక్కొక్క సంఖ్యాక్రమము.

‘స్త్రీ’ అను పదమును చూడుడు. కంటికి కనబడు వరుసలో గుడిదీర్ఘముతో కూడిన సకారము, దానికి తకారపు ఒత్తు, రేఫపు ఒత్తు కలవు. యూనికోడ్‌లో అవి సకార, తకార, రేఫములుగా నిలిచి, చివర ఈకారము చేరును. నడుమ పొల్లు గుర్తులు వాటిని కలుపును. ఇది మన శిక్షాగ్రంథకర్తలు అంగీకరింపదగిన ఉచ్చారణక్రమము. ఇందువలన మనవంటి ఉభయభాషా కళాశాలలకు గొప్ప సౌకర్యము కలిగినది. తెలుగునకు, దేవనాగరికి యూనికోడ్‌లో చెరి 128 స్థానములు గల విభాగములు కలవు, వాటిలో సమానవర్ణములు సమానస్థానములలో నున్నవి. కావున తెలుగు లిపిలో కొట్టిన సంస్కృత వ్యాఖ్యానమును క్షణములో నాగరిలోనికి మార్చుకొనవచ్చును. ఇన్‌స్క్రిప్టు కీబోర్డులో కకారమునకు రెండు లిపులలోను ఒకటే మీట. ఒకసారి వేళ్ళకు అలవడినచో రెండు లిపులును వచ్చినట్లే.

ఇంత మేలు కలిగించునది నిన్న మొన్నటి వస్తువు కాదు. భారతీయ ప్రమాణముల సంస్థ ఇస్కీ సంకేతమును 1991లో ప్రకటించినది. అదే యేట వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణములోనే తెలుగు కలదు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చినది. ఆ తరువాత దంత్య చ, జలకు 2008లోను, వేదస్వర చిహ్నములకు 2009లోను, శాసనములలోని ఴ అక్షరమునకు 2014లోను, ౚ అక్షరమునకు 2015లోను, నకారపొల్లునకు 2021లోను స్థానములు లభించినవి. అన్ని ఫాంట్లలోను వీటికి రూపములు లేవు. అది ఫాంటు చేయువారి కొరతయే గాని సంకేతము కొరత కాదు. ధూర్జటి, పెద్దన, తిమ్మన, సూరన, గురజాడ, గిడుగుల పేర ఉచిత ఫాంట్లు నేడు గూగుల్ ఫాంట్లలో లభించుచున్నవి. గిడుగువారి పేరు గల అక్షరములతో గ్రాంథిక వ్యాసమును అచ్చువేసికొను భాగ్యము మనకు పట్టినది!

సంచికలను పి.డి.ఎఫ్.గా చేసి అంతర్జాలమున నుంచితిమి గదా, ఇంకేమి కావలెనని కొందరు అడుగుదురు. పాత ఫాంటుతో చేసిన పి.డి.ఎఫ్. కంటికి నిర్దుష్టముగా కనబడును. దానిలో ‘అనుప్రాస’ అని వెదకినచో ఒక్క ఫలితమును రాదు. రెండు పంక్తులు నకలు తీసి వేరొకచోట నుంచినచో అర్థరహితమైన రోమను లిపి ప్రత్యక్షమగును. 2009 నాటి యు.జి.సి. నిబంధనలు సిద్ధాంతగ్రంథములను ఎలక్ట్రానిక్ రూపమున సమర్పింపుమని విధించినవి, శోధగంగలో అవి చేరుచున్నవి. పాత ఫాంటుతో చేరిన గ్రంథము పేరునకు అందుబాటులో నున్నదే గాని శోధకునికి అందదు.

పాత ఫైళ్ళను యూనికోడ్‌లోనికి మార్చు సాధనములు కలవు. అవి నిమిషములో వంద పుటలు మార్చును, అంతే వేగముతో దోషములను గుప్పించును. అవగ్రహమునకు ఇంగ్లీషు ఎస్ అక్షరమును, విసర్గకు కోలనును కొట్టుట డి.టి.పి. లోకమున పరిపాటి. కంటికి ఆ భేదము తెలియదు గాని, యంత్రమునకు ‘రామః’ వేరు, కోలనుతో కూడిన ‘రామ’ వేరు. వలపలగిలక సంగతి మరింత చిక్కు. ‘ధర్మ’ శబ్దమున రేఫము ముందు పలుకబడును, గిలక మకారము తరువాత వ్రాయబడును. దానిని స్థానము మార్పక విడిచిన సాధనము పాఠమును చెరచినట్లే. ఇట్టి దోషములను పట్టుట వ్యాకరణము తెలిసినవానికి తప్ప ఆపరేటరుకు సాధ్యము కాదు.

సి.పి. బ్రౌను ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులు తెప్పించి, కడపలో పండితులను నియమించి, పాఠములు సరిచూపించి శుద్ధప్రతులు వ్రాయించెను. తాళపత్రము నుండి కాగితమునకు జరిగిన ఆ పరివర్తనమును ఆయన లేఖకులకు మాత్రమే విడిచిపెట్టలేదు. మనము చేయవలసినదియు అదియే. మూలపు ఫైలును మార్పక భద్రపరచవలెను. ముద్రితప్రతిని ప్రమాణముగా ముందుంచుకొని, మార్చిన పాఠమును ఇద్దరు సరిచూడవలెను. సందేహస్థలములను పాఠాంతరములవలె గుర్తింపవలెను. ఈ శ్రమను పరిశోధనగా కళాశాల లెక్కింపవలెను. లెక్కింపనిచో దీనికి ఎవరును ముందుకు రారు, వచ్చుట న్యాయమును కాదు.

కొత్త పద్ధతి నిర్దుష్టమని నేననుట లేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను ఒక్క తెలుగు అక్షరము, నడుమ కంటికి కనబడని ఒక విభాజక సంకేతముతో కూడి, ఐఫోనులను స్తంభింపజేసినది. ఆపిల్ సంస్థ అదే నెలలో సవరించినది. జ్ఞానశబ్దపు మొదటి అక్షరమే అంత పని చేసినదని చాలమంది నవ్వుకొనిరి. నాకు తోచినది వేరు. లోపము అందరికిని ఒక్కటే కావున సవరణయు అందరికిని ఒక్కసారిగా చేరినది. పాత ఫాంట్ల లోపములు ఎవరి గదిలో వారివి.

ఇక ఈ మార్పు ఎవరికి ఎక్కువ అక్కరయో చెప్పవలెను. తల్లాడ నుండి కొత్తగూడెము పోవు దారిలో, అడవి అంచున నున్న ఏన్కూరు వంటి మండల కేంద్రమున పెద్ద గ్రంథాలయమును ఆశింపలేము. అక్కడి ఉపాధ్యాయుడు నేడు చరవాణిలో ఆంధ్రభారతి తెరచి, ఒక్క పదమును పలు నిఘంటువులలో ఒకేసారి చూడగలుగుచున్నాడు. ఛందం అను సాధనమునకు పద్యమునిచ్చి గణయతిప్రాసలు పరీక్షింపగలుగుచున్నాడు. మన సంచికలలోని వ్యాసములు మాత్రము ఆ శోధనకు చిక్కవు. ఆయన దృష్టిలో అవి లేనట్లే.

అంతకంటె తొందరపడవలసిన విషయమొకటి కలదు. ఈ ప్రాంతపు గూడెములలో సేకరించి, తెలుగు లిపిలో పాత ఫాంట్లతో అచ్చొత్తిన కోయ పాటలు ఎవరి బీరువాలో నున్నను వెలికి తీయవలెను. కావ్యపాఠము చెడినచో మరియొక ముద్రణ దొరకును, అర్థమును బట్టి ఊహింపవచ్చును. కోయ పదము చెడినచో దానిని సరిదిద్దుటకు మన శబ్దరత్నాకరము పనికిరాదు. మార్చిన పాఠమును ఆ గూడెమునకే కొనిపోయి, పాడినవారికి, లేదా వారి సంతతికి చదివి వినిపించి, వారు కాదన్నచోట దిద్దుకొనవలెను. అప్పటి గాయకులలో పెక్కుమంది నేడు వృద్ధులు. ఈ వేసవి సెలవులలోనే ఆ పని మొదలుపెట్టుట మంచిది.