అస్గరీ చేతిలో ఉన్నది గరిటె కాదు, కలం

ఉర్దూ చదువుకున్నవాళ్లు ఉన్న మన ఇళ్లల్లో ఆడపిల్లకు రెండు పేర్లు సిద్ధంగా ఉంటాయి. పని చక్కగా చేసి, పెద్దల ముందు నోరు మెదపకపోతే అస్గరీ. పాలు పొంగించినా, మాటకు మాట చెప్పినా అక్బరీ. ఈ పేర్లు ఏ కితాబులోవో తెలియని ఖాలాలు, ఫుప్పూలు కూడా వీటిని వాడేస్తుంటారు.

అది డిప్టీ నజీర్ అహ్మద్ రాసిన ‘మిరాతుల్ ఉరూస్’. పెళ్లికూతురి అద్దం అని అర్థం. 1869లో వచ్చింది. ఉర్దూలో మొదటి నావెల్‌గా చాలామంది చెప్పేది దీన్నే. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకుని కందుకూరి ‘రాజశేఖర చరిత్రము’ చదివినప్పుడు, దాదాపు పదేళ్ల ముందే ఢిల్లీ గల్లీల్లో మన ఆడవాళ్ల కథ ఒకటి నడిచిందని నాకు మహా గర్వంగా ఉండేది.

మా భాయీలు నసీమ్ హిజాజీ, ఇబ్నె సఫీల కోసం కొట్టుకునే రోజుల్లో నాకు ఈ నావెలే ఇష్టం. పద్నాలుగేళ్ల నాకు అది నసీహత్‌లా కాదు, జాసూసీ కథలా అనిపించేది. ఏళ్ల తరబడి ఇంటి పేరు మీద దుకాణాల్లో అప్పులు చేసి దోచుకుంటున్న మామా అజ్మత్‌ను కొత్త కోడలు అస్గరీ పట్టుకునే తీరు చదివి మురిసిపోయేదాన్ని.

ఈ మధ్య మా అమ్మాయికి ఆ వయసు వచ్చిందని, ఇచ్చే ముందు మళ్లీ చదివాను. అస్గరీ ఇప్పటికీ నాకు ఇష్టమే. అయితే ఆమె గెలిచింది దేనితో? తల వంచుకుని కూర్చుని కాదు. ఆమెకు చదవడం వచ్చు, ఖత్ రాయడం వచ్చు, హిసాబ్ వచ్చు. లాహోర్‌లో నౌకరీలో ఉన్న మామగారిని ఇంటికి రప్పించి, బాకీలన్నీ ఆయన ముందే తేల్పిస్తుంది. ఇంట్లోనే ఆడపిల్లలకు మక్తబ్ నడుపుతుంది. ఆ ఇంటిని నిలబెట్టింది ఇల్మ్. మన పెద్దలు అస్గరీ అదబ్‌ను తీసుకుని, ఆమె తాలీమ్‌ను కితాబులోనే వదిలేశారు.

ఇక అక్బరీ. నానీ లాడ్‌లో పెరిగింది. ఏదీ సరిగా నేర్పకుండానే చిన్న వయసులో షాదీ చేశారు. ఆ తర్వాత ఏదీ రాదని తిట్టారు. వేరే ఇల్లు కావాలనడం ఆమె పెద్ద గునాహ్ అయింది. కానీ భార్యకు తనదంటూ నివాసం ఉండటం హక్కని మన ఫిఖ్హ్ కితాబులే చెబుతాయి కదా. వేరు కాపురంలో ఒంటరిగా ఉన్నప్పుడు ఒక నకిలీ హజ్జన్ తియ్యగా మాట్లాడి నగలు కాజేస్తుంది. అప్పట్లో నేను నవ్వుకున్న ఘట్టం అది. ఇప్పుడు నవ్వు రాలేదు. మాట్లాడటానికి మనిషి లేని పిల్లే తియ్యటి మాటలకు పడిపోతుంది.

ఇంకో సంగతి. అస్గరీ మియా కామిల్ నౌకరీ కోసం సియాల్‌కోట్ వెళ్లి చెడు సోహబత్‌లో పడతాడు. అంత దూరం వెళ్లి అతన్ని దారిలో పెట్టేది అస్గరీయే. మరి ఏ ఇంట్లోనైనా కొడుకుతో ‘నువ్వు కామిల్‌లా తయారవకు’ అన్న అమ్మీని చూశారా? నూటయాభై ఏళ్లుగా మిసాల్ అంతా ఆడపిల్లల మీదే.

నావెల్‌లో నాకు నచ్చనివీ ఉన్నాయి. గల్లీలోని పేద కసబుల వాళ్ల పిల్లలతో ఆడటమే అక్బరీ చెడిపోవడానికి నిషానీ అన్నట్టు రాశారు. శరీఫ్, రజీల్ అనే ఆ తేడా మన రిష్తాల మాటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. మా అమ్మాయి ఆ పేజీలు చదివేటప్పుడు పక్కన కూర్చుని మాట్లాడాలనుకుంటున్నాను.

అలాగని ఈ కితాబును అటక మీద పడేయమనను. ఆడపిల్లలకు చదువెందుకని అడిగే కాలంలో, చదవదగ్గ కితాబు లేదని ఒక తండ్రి సొంత కూతురి కోసం కూర్చుని రాసింది ఇది. తర్వాత సర్కారు దీనికి వెయ్యి రూపాయల ఇనామ్ ఇచ్చింది. ఆ తండ్రి ఫిక్ర్ నిజమైనది. దాన్ని కూతుళ్లను కొలిచే కర్రగా మార్చింది మనం.

కాబట్టి బేటీకి ఇవ్వండి, బేటాకూ ఇవ్వండి. వీలైతే కాబోయే అత్తగారికీ ఒక కాపీ ఇవ్వండి. ఇంటికి రిష్తా తెచ్చినవాళ్లు ‘మాకు అస్గరీ లాంటి పిల్ల కావాలి’ అంటే సంతోషించండి. వెంటనే ఒక్క మాట అడగండి: చదువు మధ్యలో ఆపించరు కదా, ఇంటి హిసాబ్ ఆమె చేతికి ఇస్తారు కదా అని. జవాబుకు తటపటాయిస్తే, వాళ్లకు కావాల్సింది అస్గరీ కాదు, జీతం లేని మామా అజ్మత్.