తొట్టికి ఏ చెక్క?

సంపాదకులకు,

పాత పికప్ ట్రక్కుల తొట్టికి ఎర్ర ఓక్ పలకలు వేసి, నిగనిగలాడే వార్నిష్ పూయమన్న మీ వ్యాసం చదివాను. షెడ్డు దాటని బండికైతే సరే. వానలో తిరిగే బండికి మాత్రం అది తప్పు సలహా. ఎర్ర ఓక్ ముక్క ఒక కొస నీళ్ళలో ముంచి, రెండో కొస నుంచి గట్టిగా ఊదండి, బుడగలు వస్తాయి. దాని నాళాలు అంత బార్లా తెరుచుకుని ఉంటాయి. తెల్ల ఓక్‌లో అవి సహజంగానే పూడుకుపోతాయి. అమెరికాలో బోర్బన్ పీపాలు దానితో చేసేది అందుకే. పైగా ఓక్ ఏదైనా, తడిసినప్పుడు ఇనుప బోల్టు తగిలితే నల్లమచ్చ పడుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టులు వాడమని ఒక్క ముక్క రాయాల్సింది.

అసలు 1947లో వచ్చిన షెవ్రొలే ట్రక్కుల తొట్టికి కంపెనీ వేసింది పసుపు పైన్, అదీ రంగు పూసి. పాతదనమే కావాలనుకునేవారికి ఈ చవక చెక్కే అసలైనది. టేకు వేయిస్తామనే మనవాళ్ళను నేనేమీ అనను, డబ్బు వాళ్ళది! ఏ చెక్కయినా సరే, బిగించకముందే అడుగువైపూ కొసలకూ కూడా పూత పూయాలి. పైన మాత్రమే పూస్తే పలక వంకర తిరుగుతుంది.

- ఒక పాఠకుడు, ఒహాయో