కడుపులోని కఱవు

నెలలు నిండి పుట్టియు రెండున్నర కిలోలు తూగని బిడ్డను చూచినంతనే ఇంటి పెద్దలు తల్లిని నిందింతురు. సరిగా తినలేదనియో, మాట వినలేదనియో ఏదో యొక నెపము దొరకును. ఆ బిడ్డ నెత్తు రేమి చెప్పునో ఈ మాసము సోదరీమణులకు విన్నవింప నెంచితిమి.

1983లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఫెర్నాండ్ డాఫోస్ తన సహచరులతో గూడి, అల్ట్రాసౌండులో చూచుచు సన్నని సూదిని తల్లి కడుపు మీదుగా బొడ్డుత్రాటిలోనికి పంపి శిశురక్తమును తీయు విధానమును ప్రకటించెను. అటుపిమ్మట లండనులోని కింగ్స్ కాలేజి వైద్యులు ఎదుగుదల కుంటువడిన శిశువుల రక్తమును శోధించిరి.

అందు చక్కెర తక్కువ, ఇన్సులినును తక్కువ. ఇన్సులిను మధుమేహపు మందని మాత్రమే మన మెఱుగుదుము గాని, గర్భమున నది బిడ్డను పెంచు హార్మోను. మధుమేహము అదుపున లేని తల్లులకు బొద్దుబిడ్డలు పుట్టుట ఇందువలననే. థైరాయిడు హార్మోనును తక్కువయే. ఆ గ్రంథిని తట్టిలేపు టి.ఎస్.హెచ్. మాత్రము హెచ్చు. ఆపత్కాలమున ఉబుకు కార్టిసోలును అధికము. తల్లి కార్టిసోలు శిశువును ముంచెత్తకుండ మావిలో నొక ఎంజైము కావలి కాయును. మావి నీరసించినచో ఆ కావలియు సడలును.

ఇది వట్టి రోగమని మాకు తోచదు. గాదెలో గింజలు అడుగంటినపుడు ఇల్లాలు పండుగలు మానును గాని పసివాని పాలకు లోటు రానీయదు. శిశువును అట్లే ఒడలి పెరుగుదలను మానుకొని మెదడునకు నెత్తురు మళ్లించుకొనును. కనుకనే అట్టి బిడ్డలలో పెక్కండ్రకు తల చక్కగా నుండి, పొట్టయు తొడలును బక్కచిక్కి యుండును.

తిండి చాలమి యొక కారణమే. కాన్పు సులువగునని గర్భిణికి అన్నము తగ్గించు అత్తగార్లు దీనిని గమనింతురు గాక! పొగాకును హాని చేయును. మన ఉత్తరకోస్తాలో అడ్డపొగ త్రాగు తల్లులకు ఇది ఎవరైన చెప్పవలెను. కాని రక్తపుపోటు వలన మావి చెడినచో తల్లి ఎంత తినినను బిడ్డకు చేరదు. అప్పు డామెను దూఱుట అన్యాయము. నేడు అందఱికిని సూది గ్రుచ్చ బనిలేదు. డాప్లరు స్కానుతో బొడ్డుత్రాటి రక్తప్రవాహమును చూచి, కాన్పు ఎప్పుడు చేయవలెనో వైద్యులు నిర్ణయింతురు.

పుట్టిన పిమ్మట ఆ పసికందు కాలేయమున చక్కెర నిలువ స్వల్పము, చర్మము క్రింద క్రొవ్వును స్వల్పము. ఆలసించిన రక్తమున చక్కెర పడిపోవును, ఒడలు చల్లబడును. కావున తొలి గంటలోనే చనుబా లీయవలెను, తల్లి ఱొమ్మునకు ఆనించి కప్పవలెను. స్నానము పిమ్మట చూచుకొనవచ్చును.