గడ్డకూ విశ్రాంతి కావాలి

హన్మకొండ నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "గ్రేప్ హయసింత్ గడ్డలు తెప్పించి కుండీలో పెట్టాను. రోజూ నీళ్లు పోస్తున్నాను, ఎరువు వేస్తున్నాను. ఆకులు గడ్డిలా గుబురుగా వచ్చాయి గాని పువ్వు జాడ లేదు. ఏం తక్కువ చేశానంటారు?"

సేవ తక్కువ కాలేదమ్మా, ఎక్కువైంది. తక్కువైంది విశ్రాంతి. మా మడికొండ ఇంట్లో డజను గడ్డలు పాడుచేసుకుని నేను నేర్చుకున్న సంగతి ఇది.

హయసింత్ అనగానే మన చెరువులమీద పరుచుకునే గుర్రపుడెక్క గుర్తుకొస్తుంది. పేరులో తప్ప దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది జానెడు మొక్క. చిన్న ఉల్లిగడ్డలాంటి గడ్డ, సన్నని ఆకులు, వాటి నడుమ ఒక కాడ, ఆ కాడ నిండా నీలిరంగు బుల్లి గంటలు. ద్రాక్షగుత్తిని తలకిందులుగా నిలబెట్టినట్టు ఉంటుంది. శాస్త్రజ్ఞులు మస్కారి అంటారు. కస్తూరి అనే అర్థమున్న మాట నుంచి వచ్చిన పేరది. పుట్టిల్లు ఆగ్నేయ యూరప్, టర్కీ, కాకసస్ ప్రాంతాలు.

మూడేళ్ల క్రితం మా మామగారు స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ తరువాత తూర్పు కిటికీ పక్కన మంచం వేశాము. కాజీపేట రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. రోజూ మెట్టుగుట్ట దాకా నడిచి వచ్చేవారు. అటువంటివారికి కిటికీ ఒక్కటే లోకమైపోయింది. చూసుకోవడానికి ఏదైనా ఉండాలని మా చెల్లెలి కొడుకు హైదరాబాదు నుంచి ఈ గడ్డలు పన్నెండు పట్టుకొచ్చాడు.

నవంబరులో తెచ్చినవి తెచ్చినట్టే కుండీలో పాతాను. ఉదయం ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్లు. మధ్యలో పెంట ఎరువు. మామగారి విషయంలోనూ నాది అదే ఆరాటం. ఆరింటికి పాలు, ఏడింటికి మందులు, ఎనిమిదింటికి జావ. కాస్త కళ్లు మూసుకున్నారంటే చాలు, "నొప్పిగా ఉందా మామయ్యా? దిండు సర్దనా?" అని లేపి మరీ అడిగేదాన్ని. పాపం, ఆయన విసుక్కోకుండా జవాబిచ్చేవారు.

సంక్రాంతి వచ్చింది, వెళ్లింది. పువ్వు రాలేదు. ఫిబ్రవరిలో విసిగి కుండీ బోర్లించాను. ఐదు గడ్డలు కుళ్లి ముద్దయిపోయాయి. మిగిలినవి మెత్తబడి ఉన్నాయి. మామగారు ఒకటి చేతిలోకి తీసుకుని నొక్కి చూశారు.

"నువ్వు దీన్ని పండుకోనియ్యలే బిడ్డా. మన పసుపు కొమ్ము చూడు, ఎండాకాలమంతా పండుకుంటది, వానలకు లేస్తది. ఏ గడ్డ నిద్ర దానిది."

కాసేపాగి, నా ముఖం చూడకుండా అన్నారు: "నన్ను గూడ గట్లనే జరసేపు ఇడిసిపెట్టు."

దాచడమెందుకు, ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్లి కూర్చున్నాను. ఇంత చేస్తే ఇదా మాట అనుకున్నాను. కోపం చల్లారాక ఆలోచిస్తే, ఆయన నాలుగు నెలలుగా పగలు ఒక్క గంట కూడా తెంపులేకుండా నిద్రపోలేదని తోచింది. ఆ రోజే పూజగదిలో వాడకుండా ఉన్న చిన్న గంట ఒకటి తెచ్చి ఆయన చేతికందేలా పెట్టాను. "కావలసినప్పుడు మోగించండి, పిలవనిదే రాను" అన్నాను. మందుల వేళలు మాత్రం తప్పించలేదు. ఆ మధ్యాహ్నం మూడు గంటలసేపు నిద్రపోయారు.

ఆ తరువాత ఈ గడ్డ నిద్ర ఏపాటిదో తెలుసుకున్నాను. దానికి మన ఎండంటే భయం లేదు. పుట్టినచోట కూడా వేసవిలో పొడినేలలో నిద్రపోతుంది. దానికి లేనిదల్లా చలి. రెండు మూడు నెలలు గట్టి చలి అనుభవిస్తే గాని లోపలి పూమొగ్గ సరిగ్గా పైకి లేవదు. మన వరంగల్ చలి దుప్పటి కప్పుకోవడానికి సరిపోతుంది గాని దీనికి చాలదు. పైగా అది వేసవినిద్రలో ఉండగానే మనకు వానలు దిగుతాయి. తడిసిందంటే కుళ్లుతుంది.

మరుసటి ఏడు కొత్త గడ్డలు తెప్పించి ఇలా చేశాను. మీరూ చేసి చూడండి.

అక్టోబరు నడుమ గట్టిగా ఉన్న గడ్డలు ఏరి, చిల్లులు పెట్టిన కాగితపు సంచిలో వేసి, ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. మంచు గడ్డకట్టే అరలో కాదు. 4 నుంచి 8 డిగ్రీల చలి చాలు. పక్కన యాపిల్, అరటి వంటి పళ్లు ఉంచకండి. పండే పళ్ల నుంచి వచ్చే వాయువు లోపలి మొగ్గను చంపేస్తుంది. సంచిమీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. పూలగడ్డల్లో విషమున్నవి చాలా ఉన్నాయి, ఉల్లిగడ్డ అనుకుని ఎవరైనా కూరలో తరిగితే ప్రమాదం. అది చూసి మామగారు నవ్వారు: "గిదేంది బిడ్డా, గడ్డలకు చలిజ్వరం తెప్పిస్తున్నవా?"

పది పన్నెండు వారాలయ్యాక, అంటే జనవరి మొదట్లో, తీసి నాటండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన ఎరువు సమపాళ్లలో కలపండి. ఆరంగుళాల కుండీలో ఎనిమిది గడ్డలు పడతాయి. మొన పైకి ఉండాలి, పైన రెండంగుళాల మన్ను ఉండాలి. అడుగున చిల్లు తప్పనిసరి. పైమట్టి ఆరితేనే నీళ్లు పోయండి. ఉదయపు వెలుతురు తగిలే, మధ్యాహ్నపు ఎండ పడని కిటికీ మంచిది.

ఆ ఫిబ్రవరిలో ఎనిమిదింటికి ఐదు పూశాయి. మన పగటి వేడికి వారం రోజులే నిలిచాయి. మామగారు కుండీని ఒళ్లో పెట్టించుకుని వాసన చూశారు. "బాగుంది గాని, మన మేపువ్వుకు ఫ్రిజ్ అక్కరలేదు" అన్నారు. నిజమే. చలికాలమంతా మట్టిలో పడుకుని, నడివేసవిలో ఎర్రని బంతిలా లేస్తుంది. ఖర్చు వద్దనుకునేవారు అది పెట్టుకోవచ్చు, నేలసంపెంగ పెట్టుకోవచ్చు.

మరో మాట. విదేశాల నుంచి వచ్చే బంధువులచేత ఈ గడ్డలు పెట్టెల్లో తెప్పించుకోకండి. అనుమతిపత్రం, ఆరోగ్యపత్రం లేకుండా తేవడం 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం తప్పు. మన నర్సరీల్లోనే అడగండి.

ఇక హన్మకొండ సోదరికి నా సలహా: ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్లు కోయకండి, గడ్డకు తిండి అవే పెడతాయి. పసుపెక్కాక నీళ్లు పూర్తిగా మానండి. ఎండిన గడ్డలు తీసి, గాలి తగిలేచోట అక్టోబరు దాకా ఉంచి, పైన చెప్పినట్టు చేయండి. తప్పక పూస్తాయని మాట ఇవ్వలేను. మన వేడిలో పెరిగిన గడ్డలో మళ్లీ పూసే బలం మిగలడం కష్టమే. ఒకటి రెండు పూసినా లాభమే అనుకోండి.

మామగారు ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వసారా దాకా వస్తున్నారు. గంట ఇంకా మంచం పక్కనే ఉంది. రోజుకు రెండుసార్లకు మించి మోగదు.