సున్నా కూడా లెక్కే

విద్యార్థుల యాత్ర అనగానే మనకు బస్సు, అంత్యాక్షరి, పులిహోర పొట్లాలు గుర్తొస్తాయి. చెన్నైలో 1988లో మొదలైన విద్యార్థుల సముద్ర తాబేళ్ళ సంరక్షణ బృందానిది మరో దారి. ఏటా జనవరి మొదలు, ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో, రాత్రంతా ఇసుకలో నడుస్తారు. గూటిలో నూరుకు పైబడి గుడ్లుంటాయి. కుక్కల పాలు కాకుండా వాటిని సంరక్షణశాలకు చేర్చి, తేదీ, చోటు, సంఖ్య రాసుకుంటారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి.

ఏమీ దొరకని రాత్రులూ ఉంటాయి. ఆ సున్నానూ రాయవలసిందే. లేకుంటే తాబేళ్ళు పెరిగాయో తగ్గాయో తేలేదెలా? జవాబు ముందే తెలిసిన ప్రశ్నలకు అలవాటుపడిన మన పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం నాకు తోచదు.

విశాఖ, శ్రీకాకుళం తీరాలకూ ఈ తాబేళ్ళు వస్తాయి. అటవీశాఖ తోడుతో రాత్రికొక కళాశాల వంతున నడిస్తే కాలమంతా నిండుతుంది. మీరేమంటారు?