రక్తం తాగేటోడు కాగితం పట్టుకొని వస్తడు



స్కాలర్‌షిప్పుల గురించి, నోటిఫికేషన్ల గురించి మాట్లాడుకునే ఈ గ్రూపులో ఇంగ్లీషు దయ్యం సినిమా ముచ్చట ఎందుకని కొందరు అనుకోవచ్చు. వరంగల్ హాస్టల్లో మేం ఆరుగురం ఒకే ల్యాప్‌టాప్ ముందు కూసొని ‘నోస్ఫెరాటు’ చూసినం. సినిమా అంతా చీకటే, సగం సీన్లు స్క్రీన్ మీద సరిగ్గా కనబడలేదు. కానీ చూసిన తర్వాత రెండు రోజులు దాని మీదే కొట్లాడుకున్నం. అందుకే రాస్తున్నం.

ముందు ఈ సినిమా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలె. 1897లో బ్రామ్ స్టోకర్ ‘డ్రాక్యులా’ నవల రాసిండు. 1922లో జర్మనీలో మూర్నావ్ అనే దర్శకుడు హక్కులు తీసుకోకుండానే, పేర్లు మార్చి, ఆ కథను ‘నోస్ఫెరాటు’ అనే మూకీ సినిమాగా తీసిండు. డ్రాక్యులా కాస్తా కౌంట్ ఓర్లాక్ అయిండు. స్టోకర్ భార్య కోర్టుకు పోయి గెలిచింది. ప్రింట్లన్నీ నాశనం చెయ్యాలని తీర్పు వచ్చినా కొన్ని మిగిలినయి. 1979లో వెర్నర్ హెర్జోగ్ మళ్లీ తీసిండు. 2024లో రాబర్ట్ ఎగర్స్ తీసిన రీమేక్ మేం చూసింది.

ఈ కథ ఎవరు తీసినా మొదలయ్యేది ఒక ఇంటి బేరంతోనే. ఎగర్స్ సినిమాలో థామస్ హట్టర్ కొత్తగా పెండ్లయిన పిల్లగాడు, స్థిరాస్తి వ్యాపారి దగ్గర పని చేస్తుంటడు. దూరంగా కొండల్లో ఉన్న దొరకు పట్నంలో పాత ఇల్లు అమ్మి, కాగితాలు పూర్తి చేసుకొని రమ్మని ఆయనను పంపుతరు. ఆ దొరే రక్తపిశాచి.

1922 సినిమాలో దొర హట్టర్ భార్య బొమ్మ చూసి ఆశపడి, ఇల్లు కొంటడు. అంతవరకే. ఎగర్స్ ఇక్కడ ఒక మార్పు చేసిండు. దొర హట్టర్ ముందర ఒక కాగితం పెడుతడు. ఇది ఏ భాష అని హట్టర్ అడిగితే, మా పూర్వీకుల భాష అంటడు. హట్టర్‌కు అది చదవరాదు. అయినా సంతకం పెట్టి, బంగారు నాణేల సంచి తీసుకుంటడు. ఆ సంతకంతో తన పెండ్లాన్నే రాసిచ్చిండని తర్వాత బయటపడుతది.

‘వీడెంత తెలివితక్కువోడు’ అన్నడు మాలో ఒక తమ్ముడు. మిగిలినోళ్లం ఒప్పుకోలేదు. కొత్త కాపురం, పైసల అవసరం, ఎదురుగా పెద్ద దొర, బయట చీకటి. అట్లాంటి చోట ‘నాకు చదవరాదు, నేను పెట్ట’ అని చెప్పడం ఎంత కష్టమో మన నాయినలను అడగాలె. నిజాం కాలంల సర్కారు కాగితం ఉర్దూలో ఉండేది, మన ఇండ్లల్ల మాట కోయ, గోండి, గోర్ బోలి. తర్వాత తెలుగు వచ్చింది, బ్యాంకుల ఇంగ్లీషు వచ్చింది. వేలిముద్ర వేసేటోళ్లు మాత్రం మనోళ్లే.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపిన తర్వాత, నిజాం సర్కారు కోసం పనిచేసిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండుల, కోయల భూములు ఎట్ల చేతులు మారినయో, అప్పులు, వెట్టి ఎట్ల నడిచినయో రాసిపెట్టిండు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటిని గట్టి చేసిన 1970 నాటి 1/70 చట్టం ఆ బాధలోంచి వచ్చినయే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పేరు మీదికి పోవద్దని చట్టం అంటది. అయినా బినామీ పేర్లు, తెల్ల కాగితం మీద రాతలు ఆగలేదు.

సినిమాలో ఇంకో మాట ఉంది. హట్టర్ భార్య ఎల్లెన్ తన ఇష్టంతోనే రావాలంటడు దొర. మూడు రాత్రుల గడువు ఇచ్చి, ఆలోపు ఆమె చుట్టూ ఉన్నోళ్లను చంపుకుంట పోతడు. అది ఇష్టమెట్లయితది? భూమి తీసుకునే ముందు గ్రామసభను అడగాలని 1996 పెసా చట్టం చెప్తది. భయపెట్టి తెచ్చుకున్న ‘సరే’ను కూడా సంప్రదింపు అని ఫైలులో రాసుకోవచ్చు. అందుకే ఈ సీను మాకు దయ్యం సీనులాగ అనిపించలేదు.

మాకు నచ్చనిది కూడా ఉంది. కొండ కింద ఊర్లె హట్టర్‌కు రోమా ప్రజలు ఎదురైతరు. పిశాచి సంగతి వాళ్లకు తెలుసు, దాన్ని ఎట్ల ఆపాలో కూడా తెలుసు. తెల్లారేసరికి మాయమైపోతరు. ఒక్కరికి కూడా పేరు ఉన్నట్టు గుర్తుండదు. అవే సంగతులు తర్వాత పట్నంలో ఒక ప్రొఫెసర్ చెప్తే అది విద్య అయితది. రోమాల భాష మూలం మన దేశంలోనే ఉందని భాషావేత్తలు చెప్తరు. కథ జరిగే 1838 నాటికి పక్కనే ఉన్న వలాకియా, మోల్డావియాలో వాళ్లు బానిసలు. 1850లలో గానీ విడుదల కాలేదు. ఇవేవీ సినిమాకు పట్టలేదు. మన తెలుగు సినిమాలో కోయదొర కూడా ఇట్లనే కదా, జోస్యం చెప్పి పోతడు, ఆయనకు ఒక ఊరు, పట్టా, అప్పు ఉంటయని ఎవరూ చూపించరు.

అట్లని పాతదంతా గొప్పదని మేం అంటలేం. సినిమాలో గుంజ దిగేది శవంలో. మన దిక్కు ‘మంత్రాలు చేస్తుండు’ అనే అనుమానం బతికున్న ముసలోళ్ల మీద పడుతది. దాన్ని మనమే ఆపాలె.

మా ఆరుగురి ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. డిగ్రీతో నౌకరీ ఎప్పుడొస్తదో తెల్వదు, కానీ చదవడం ఇప్పటికే వచ్చు. ఈసారి సెలవులకు పోయినప్పుడు ట్రంకుపెట్టెలోని కాగితాలన్నీ బయటకు తీద్దాం. పాసుపుస్తకం, బ్యాంకు లోను కాగితం, అప్పిచ్చినాయన రాయించుకున్న నోటు, ఒక్కొక్కటి అమ్మకు, నాయినకు వాళ్ల భాషలో చదివి వినిపిద్దాం. సర్వే నంబరు, పేరు, వడ్డీ సరిచూద్దాం. ఖాళీ కాగితం మీద ఎవరు అడిగినా సంతకం పెట్టొద్దని చెప్పి రండి. పక్కింటోళ్లవి కూడా చదవండి, ఒక్క పూట పని.